గుడ్డ బరువు

దేవుడు అనంతమంటారు, మనిషి సున్నా అంటారు. మరి ఆ అనంతం వచ్చి ఈ సున్నాని గుణిస్తే వచ్చేదెంత అన్న సందేహం నాకు తొమ్మిదో తరగతి నుంచీ ఉంది. నిద్ర చెడగొట్టే సందేహమేమీ కాదు. పంటి సందున ఇరుక్కున్న పీచులాంటిది, పనిలో ఉంటే గుర్తుండదు, కాస్త తీరిక దొరికిందంటే నాలుక తిన్నగా అక్కడికే పోతుంది. ఆ రోజు లెక్కల మాస్టారు బోర్డు నిండా ఒక సున్నా చుట్టి, "దీంతో దేన్ని గుణించినా ఇదే. లక్షని గుణించు, కోటిని గుణించు, మీ తాతని తెచ్చి గుణించు, ఇదే" అన్నారు. నేను వెనక బెంచీలోంచి లేచి, "దేవుణ్ణి గుణిస్తే సార్?" అన్నాను. వెటకారం కాదు, ఇంట్లో పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టనిదే మంచినీళ్ళు కూడా తాగనివ్వని అమ్మ కడుపున పుట్టినవాణ్ణి, నిజంగానే అడిగాను. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు సుద్దముక్క నా మీదికి విసిరి, "నీ మార్కుల్ని దేవుడే వచ్చి గుణించినా మారేదేం లేదు, కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఇప్పుడు తల నెరిశాక, ఈ ఆసుపత్రి వరండాలో ఈ ఇనప కుర్చీలో, ఎదురుగా ఉన్న గాజు తలుపుని చూస్తూ అలాగే కూర్చున్నాను. ఎవరూ నవ్వడం లేదు, అంతే తేడా. కాదు, ఒకరు నవ్వుతున్నారు. తలుపు అవతల నా కూతురు నవ్వుతోంది. బాధంతా ఆ నవ్వుతోనే.

ఆ తలుపు వెనక నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చటి గాజు పెట్టెల్లో ఉంచుతారు. గోడవారగా చివరి పెట్టెలో ఉన్నది నా కూతురి కూతురు. పుట్టిన దగ్గర్నుంచి రోజూ తరుగుతూనే వచ్చింది. ఇంకా పేరు పెట్టలేదు, పెట్టాలంటే అందరికీ భయం, అల్లుడు మాత్రం "గ్రాము" అని పిలుస్తాడు, ఆ పిలుపుకి మొదట్లో నా కూతురు కోప్పడి తర్వాత తానూ అలాగే పిలవడం మొదలుపెట్టింది. ఈ ఉదయం తూచినప్పుడు మొట్టమొదటిసారి బరువు పెరిగింది. అల్లుడు చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి పరుగెత్తుకొచ్చాడు. "మామయ్యా! మన గ్రాము పెరిగింది! కాటాల వంశం పరువు నిలబెట్టింది మామయ్యా!" అని నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. గంటలో పెద్ద డాక్టరు వస్తారట, ఈ బరువు చూసి గొట్టంలో పోసే పాలు పెంచుతారట, సూదిలో ఎక్కించేది తగ్గిస్తారట, ఇలాగే ఉంటే పెట్టెలోంచి కూడా తీసేస్తారట. "ఇదిగో, మీ అమ్మాయి ఆకలేస్తోందంది, విన్నారా, తనంతట తనే ఆకలేస్తోందంది!" అంటూ మెట్లు దిగిపోయాడు. నేను లేచి నిలబడి, అక్కడ దేవుడి పటమేమీ లేకపోయినా, ఆ తెల్లటి గోడకే రెండు చేతులూ జోడించాను. జోడించిన చేతులు దించుతుండగా నా కుడిచేతి చూపుడువేలు నా కంట్లో పడింది. అప్పుడు గుర్తొచ్చింది.

నేను కాటాలు బాగుచేసేవాణ్ణి. మా నాన్నదీ అదే పని. బండి మీద కూరలమ్మేవాళ్ళ తక్కెడలు, బస్తాలు తూచే ఇనప కాటాలు, నగల కొట్టువాళ్ళ గాజు పెట్టె త్రాసులు, ఇప్పుడు అంకెలు వెలిగే కరెంటు కాటాలు, ఏది వచ్చినా మొదటి పని ఒకటే, ఖాళీ పళ్ళెంతో సున్నా చూపించాలి. నాన్న దాన్ని సున్నా పట్టించడం అనేవాడు. "ఒరే, కాటాకి సున్నాయే ప్రాణం. అది కుదురుగా నిలబడితే మిగతా అంకెలన్నీ పెళ్ళివారిలా వరసగా వచ్చి కూర్చుంటాయి" అనేవాడు. ముల్లు కాటాల కాలంలో పళ్ళెం కింద చిటికెడు మైనం అంటించో, గోకేసో, ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. కరెంటు కాటాలు వచ్చాక ఒక మీట నొక్కితే చాలు. అది వేలికి అలవాటైపోయింది, ఎక్కడ కాటా కనబడ్డా, పళ్ళెం ఖాళీగా ఉండి అంకె తప్పుగా ఉంటే నా వేలు నన్నడగకుండానే పోయి నొక్కేస్తుంది. "మీతో బజారుకొస్తే కాటా బాగవుతుంది గానీ కూరలు ఇంటికి రావు" అనేది మా ఆవిడ. తను ఉన్నన్నాళ్ళూ ఈ వేలి మీద జోకులే.

ఈ ఉదయం నన్ను లోపలికి రానిచ్చారు. చేతులు మోచేతుల దాకా కడిగించి, పచ్చ గౌను తొడిగించి, ముట్టుకోకూడదని చెప్పి, కాసేపు చూడనిచ్చారు. చూశాను. ఏం చూశానో చెప్పడం రాదు. చర్మం కింద పాకే నీలం గీతలు, ముక్కులో గొట్టం, తలకి అరచేతిలో పట్టేంత టోపీ, ఉండీ ఉండీ ఆగి మళ్ళీ మొదలయ్యే ఊపిరి. నామం జపించబోతే నోట్లో తడి లేదు. తిరిగి వస్తుంటే గోడ దగ్గర బల్ల మీద పిల్లల్ని తూచే కాటా ఉంది. దాని తొట్టె ఖాళీ. అంకె మాత్రం సున్నాకి కింద, ముందు చిన్న అడ్డగీతతో వెలుగుతోంది. ఎందుకలా ఉందో ఇప్పుడు ఎవరడిగినా చెప్పగలను. పసిబిడ్డకి చలి తగలకుండా తొట్టెలో మడత గుడ్డ పరిచి, ఆ గుడ్డతో సహా సున్నా పట్టించి, అప్పుడు బిడ్డని పెడతారు, బిడ్డ బరువు ఒక్కటే తెలుస్తుంది. తడిసిన గుడ్డ ఉతుక్కి వేయగానే కాటా ఆ గుడ్డ లేని లోటు చూపిస్తుంది, మళ్ళీ అలాంటి గుడ్డే వేస్తే సున్నాకి వస్తుంది. నూనె కొట్టువాడు డబ్బాతో చేసే పనే ఇది. ఇది నాకు తెలియదా? తెలుసు. కానీ ఖాళీ పళ్ళెం, తప్పు అంకె, ఆ రెండూ కలిసి కనబడితే తెలివి తర్వాత వస్తుంది, వేలు ముందు పోతుంది. నొక్కాను. నాలుగు సున్నాలు వచ్చి కుదురుగా నిలబడ్డాయి. పైపెచ్చు ఒక పని చక్కబెట్టినట్టు తృప్తి కూడా పడ్డాను. బయటికి వచ్చి గౌను విప్పేలోగా నర్సు పిల్లని ఉతికిన గుడ్డలో చుట్టి, గుడ్డతోనే తొట్టెలో పెట్టింది. అంకె పెరిగింది. పెరిగింది బిడ్డ కాదు. గుడ్డ.

ఈ మాట ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు. డాక్టరు వచ్చేలోగా చెప్పాలి, చెప్పకపోతే ఆ గుడ్డ బరువుని నమ్మి, ఈ పిట్ట పొట్ట తట్టుకోలేనన్ని పాలు పోస్తారు. చెప్పాలని తెలుసు, లేవాలని తెలుసు, కాళ్ళు మాత్రం నేల మీద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. గాజులోంచి నా కూతురు కనబడుతోంది. పెట్టె పక్కన కుర్చీలో కూర్చుని, పెట్టెకున్న గుండ్రటి కన్నంలోంచి చెయ్యి పోనిచ్చి, ఒక వేలు మాత్రం లోపల ఆనించి ఉంది. ఇన్నాళ్ళూ దాని ముఖం ఎవరో తుడిచేసిన పలకలా ఉండేది. ఇప్పుడు నా వైపు తిరిగి, బుగ్గలు పూరించి చూపించింది, లావవుతోందట. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే గాజులో కనబడింది, దొంగ కాటా పెట్టుకున్న కొట్టువాడు అధికారుల్ని చూసి నవ్వే నవ్వది, నాకు బాగా తెలుసు. ఇంకొంచెం సేపు, అనుకున్నాను. అన్నం తిననీ. అల్లుడు మెట్లు దిగి వెళ్ళాడు కదా, తెచ్చి పెట్టనీ, నాలుగు ముద్దలు తిననీ, ఆకలేస్తోందని దానంతట అది అన్న పూట కడుపులో ఏదైనా పడనీ. ఆకలి అబద్ధం మీద పుట్టినా అన్నం అన్నమే కదా.

ఎన్ని మొక్కులు, ఎన్ని నామాలు. లెక్క పెట్టకూడదంటారు, పెట్టలేదు కూడా, కానీ తెల్లారి లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా నాలుక కదులుతూనే ఉంది, నిద్రలో కూడా కదిలి ఉంటుంది. నేనొక్కణ్ణేనా, అల్లుడి తల్లి దూరంగా మంచంలో ఉండి జపిస్తోంది, ఫోనులో ప్రతి పూటా అడుగుతుంది, మా వీధిలో ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా దణ్ణం పెడుతున్నామన్నారు. అన్నీ కలిపి ఎంతవుతుందో, అంతులేదనే అనుకుందాం. అంతులేనిదంతా పోగై వచ్చి ఆ గాజు పెట్టె మీద పడుతోంది, పడుతున్నా పిల్ల రోజూ తరుగుతోంది, మాస్టారు చెప్పినట్టే, మీ తాతని తెచ్చి గుణించు, ఇదే. తాతని తెచ్చే గుణించాం సార్. మా ఆవిడ కన్నుమూసిన ఏడు కూడా ఇలాగే చేశాం. అప్పుడు ఇంట్లో దేవుడి పటం ముందు కూర్చుని నేను అడిగింది ఎక్కువేం కాదు, పండక్కొచ్చిన కొత్త అల్లుడిలా గొంతెమ్మ కోరికలు అడగలేదు, మామూలుగా అడిగాను, ఉండనివ్వమని. తను వెళ్ళిపోయాక కూడా దీపం పెట్టడం మానలేదు. మానాలని అనిపించలేదు. కోపం వచ్చినా ఎవరి మీద, ఆయన నాకేమన్నా బాకీ ఉన్నాడా. కానీ వత్తి వెలిగించే చెయ్యి అప్పటినుంచి ఒక క్షణం ఆగుతుంది, అగ్గిపుల్ల వేలు కాల్చేదాకా ఆగుతుంది, స్వామీ, నువ్వింత ఉన్నావు కదా, మా దగ్గరికొచ్చేసరికి ఎందుకింతే అవుతావు అని. వత్తి అంటుకుంటుంది.

కాలేజీలో లెక్కలు చెప్పే మేడమ్ ఒకావిడ ఒకసారి మా కొట్టుకి వచ్చింది, వాళ్ళ సైన్సు గదిలో త్రాసు ఒకటి పట్టుకుని. పని అయ్యేదాకా స్టూలు మీద కూర్చుంది. మంచావిడలా ఉంటే పీచు మళ్ళీ నాలుకకి తగిలింది, అనంతాన్ని సున్నాతో గుణిస్తే ఎంతండీ అని అడిగేశాను. ఆవిడ నవ్వలేదు. "ఎందుకొచ్చిందండీ ఈ అనుమానం మీకు?" అంది. దేవుడి సంగతి చెప్పడానికి సిగ్గేసి, ఊరికే అన్నాను. నా బల్ల మీద పాత కాటాల కోసం ఉంచుకున్న మైనం ముద్ద ఉంది, అది తీసుకుని రెండు అరచేతుల మధ్యా పెట్టి నలపడం మొదలుపెట్టింది. ముద్ద కాస్తా వత్తిలా సాగింది.

"పొడవు పెరుగుతోందా?"

"పెరుగుతోంది మేడమ్."

"లావు?"

"తగ్గుతోంది."

"మరి మైనం?"

"అంతే ఉంటుంది కదండీ."

"అలా సాగదీస్తూనే పోతే పొడవు అంతులేకుండా పోతుంది, లావు సున్నాకి వచ్చేస్తుంది. రెండూ గుణిస్తే ఎంత? ఈ ముద్దంత. అర్థమైందా? ఇంకా తొందరగా సన్నబడేలా మైనం తీసేస్తూ సాగదీశారనుకోండి, ఏమీ మిగలదు. చేర్చుకుంటూ సాగదీశారా, ఈ కొట్టు పట్టదు. అందుకే మేం దానికి జవాబు లేదంటాం. జవాబు లేకపోవడం కాదండీ, ఆ సున్నా ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఆ అనంతం ఎలా వచ్చిందో చెప్పందే చెప్పలేం."

నేను ఆవిడ చేతుల్లో వేలాడుతున్న ఆ దారాన్ని చూస్తూ, "మధ్యలో తెగిపోతే మేడమ్?" అన్నాను. ఆవిడ ఆగి, నా వైపు చూసి, "అది లెక్కల్లో ఉండదు. మైనంలో ఉంటుంది" అంది. అంటూండగానే తెగింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మధ్యాహ్నం ఎంత సంతోషపడ్డానో, ఇంటికెళ్ళి మా ఆవిడకి మైనం నలిపి చూపించి అంతా చెప్పాను, "అంటే దేవుడు మనల్ని గుణిస్తే ఏమైనా రావచ్చన్న మాట!" అన్నాను. "ఏమైనా అంటే ఏమీ రాకపోవచ్చనేగా" అంది తను, చేటలో రాళ్ళు ఏరుతూ. అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు. ఆడవాళ్ళకి లెక్కలేం తెలుసనుకున్నానేమో కూడా.

ఆ సున్నా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పమంది ఆవిడ. లోపల కాటా మీద వెలిగే సున్నా ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను చెప్పగలను. రెండు సున్నాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకటి గుడ్డతో ఉన్న సున్నా, ఒకటి గుడ్డ లేని సున్నా, ఆ రెండింటి మధ్య ఒక ఇల్లంతా ఇరుక్కుపోయింది. అయినా మనసు ఎంత దొంగదో, ఒక పక్క ఇదంతా తెలిసి, ఇంకో పక్క బేరమాడుతోంది. అంతా గుడ్డే అయి ఉండాలనేముంది? కొంత గుడ్డ, కొంత బిడ్డ అయి ఉండకూడదా? ఎంతో కొంత పెరిగి ఉండకూడదా? పెరిగి ఉంటే చెప్పక్కర్లేదు, పాలు పొయ్యనీ, రేపు గుడ్డ సంగతి తేలినా రేపటికి నిజంగానే ఇంకొంత పెరుగుతుంది, అబద్ధం వెనకాలే నిజం వచ్చి దాని చోట్లో కూర్చుంటుంది. అలా జరగదా స్వామీ? జరిగిన రోజులు లేవా?

అప్పుడు ఆయా ఉతికిన గుడ్డల బుట్ట తోసుకుంటూ వచ్చింది. గాజు తలుపు బరువుగా ఉంటుంది, ఒక చేత్తో తెరవలేక, "బాబాయ్, కొంచెం పట్టుకోవా" అంది. తలుపు పట్టుకుంటానని లేచి, బుట్ట పట్టుకున్నాను. పైనున్న మడత గుడ్డ ఒకటి జారింది. వంగి తీశాను. అంతే. నా చేతికి కాటా అక్కర్లేదు. చిన్నప్పుడు నాన్న కళ్ళకి గుడ్డ కట్టి, అరచేతిలో ఒక్కొక్క తూనికరాయీ పెట్టి ఎంతో చెప్పమనేవాడు, తప్పు చెప్తే ఆ రాయితోనే మొట్టేవాడు. ఆ చేతిలో గుడ్డ పడగానే తెలిసిపోయింది. పెరిగిందని చెప్పిన దానికంటే గుడ్డే బరువు. అంటే బిడ్డ నిన్నటికంటే ఇంకా తరిగింది. గుడ్డ చేతిలో పెట్టుకుని అలా నిలబడిపోయాను. "ఇటియ్యి బాబాయ్, అదేం పట్టుచీరా అలా చూస్తున్నావు?" అంది ఆయా. ఇచ్చాను. తెల్లటి గుడ్డ, ఒక అంచున నీలం దారం, ఇంకా ఎండ వాసన వేస్తోంది. ఎండ వాసన వేస్తుంటే ఎవరికైనా ఇల్లు గుర్తొస్తుంది.

తలుపు తెరిచే ఉంది. ఆయా వెనకాలే లోపలికి వెళ్ళాను, గౌను లేకుండా, చేతులు కడుక్కోకుండా, గుమ్మం దాకా. నర్సు నన్ను చూసి, "ఏంటి బాబాయ్, సంబరం పట్టలేక వచ్చేశావా? చెమటలు పట్టాయి చూడు!" అంది. ఆ నర్సుదీ నా కూతురి వయసే ఉంటుంది. మెల్లగా చెప్పాను. నేను మీట నొక్కాననీ, గుడ్డ కూడా తూకంలో పడిందనీ. ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమై కాటా వైపు ఒకసారి, నా కూతురి వైపు ఒకసారి చూసింది. "అయ్యో" అంది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడి ఉంటే బాగుండేది. "నేనైనా చూసుకోవాల్సింది బాబాయ్, తొందరలో పెట్టేశాను. పెరిగిందనేసరికి నాకూ కళ్ళు మూసుకుపోయాయి" అంది. వెంటనే పని మొదలుపెట్టింది, గుడ్డ పరిచి, సున్నా పట్టించి, పిల్లని మళ్ళీ తీసుకొచ్చి పెట్టింది. నేను అంకె చూడలేదు. నర్సు భుజాలు చూశాను, అవి కిందికి దిగాయి.

నా కూతురు కుర్చీలోంచి అంతా చూస్తూనే ఉంది. ఇందాక అల్లుడు నన్ను దాటుకుని వెళ్ళి తెచ్చిచ్చిన పొట్లం ఒళ్ళో విప్పి ఉంది, కొంత తింది, కొంత ఉంది, వాడూ పక్కనే నిలబడి ఉన్నాడు. "ఏంటి మళ్ళీ తూస్తున్నారు?" అంది. నర్సు చెప్పబోతుంటే వద్దని నేనే దగ్గరికి వెళ్ళాను. ఎలా చెప్పానో గుర్తులేదు, గుడ్డ అన్నాను, వేలు అన్నాను, నా వేలే అన్నాను. అల్లుడు, "అంటే... పెరగలేదా మామయ్యా? అసలేం పెరగలేదా?" అని, నేను తల అడ్డంగా ఊపేసరికి గోడ వైపు తిరిగిపోయాడు. నా కూతురు ఒళ్ళోని పొట్లం మడిచి, మడత మీద మడత వేసి, ఎంత చిన్నదవుతుందో అంత చిన్నది చేసి పక్కన పెట్టింది. "ఇంకో గంట ఆగి చెప్పకూడదా నాన్నా" అంది. "ఒక్క గంట. నిన్నేమన్నా అడిగానా?"

ఆగాను తల్లీ, ఆ గంట నీకోసమే బయట కూర్చుని ఆగాను అని చెప్పొచ్చు. చెప్తే ఏమొస్తుంది. దాని గంట వేరు, నా గంట వేరు. నిలబడ్డాను. దేవుడి పేరు నాలుక మీదికి వచ్చింది, వచ్చి అక్కడే ఉంది, దాన్ని ఎటు పంపాలో తెలియలేదు.

డాక్టరు వచ్చారు. పెద్దాయన, మాట తక్కువ. కాగితం చూసి, పిల్లని చూసి, గొట్టాలు చూసి, చాలాసేపు చెవి గొట్టం పెట్టి విన్నారు. వినడం అయిపోయాక కూడా అలాగే వంగి ఉన్నారు, లేవడానికి మాట వెతుక్కుంటున్నట్టు. తర్వాత స్టూలు లాక్కుని నా కూతురి ముందు, దానికంటే కింద కూర్చున్నారు. "అమ్మా, మేం పాలు పెంచలేం. పొట్ట పట్టుకోవడం లేదు, ఊపిరికి కూడా పాప చాలా అలిసిపోతోంది. ఇంక పెట్టెలో ఉంచి మేం చేసేది పెద్దగా లేదు. నువ్వెత్తుకో. నీ దగ్గర ఉంటుంది" అన్నారు. ఎంతసేపు అని ఎవరూ అడగలేదు. నర్సు పెట్టె మూత ఎత్తింది. అంత చిన్న ప్రాణాన్ని ఎత్తుకోవడానికి రెండు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక నా కూతురు తడుముకుంది, నర్సు దాని మోచేయి సర్ది, జాకెట్టు మీదుగా గుండెకి ఆనించింది. పుట్టిన తర్వాత అదే మొదటిసారి. గాజు లేదు మధ్యలో. అల్లుడు వచ్చి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, "గ్రామూ, ఒసే గ్రామూ" అని పిలిచాడు, నవ్వించడానికి వేసే గొంతుతోనే పిలిచాడు. ఊరికే ఉండలేక నర్సు తెర లాగింది, తెర అవతల ఇంకెవరి బిడ్డో కీచుగా ఏడుస్తోంది, బాగా ఊపిరున్న ఏడుపు.

నేను తెర దగ్గరే నిలబడ్డాను, వెళ్ళిపోదామనుకుంటూ. అక్కడ నాకేం పని. ఇంత చేశాక ముఖం చూపించడం కూడా ఎక్కువే.

"నాన్నా" అంది. "ఇలా రా."

వెళ్ళాను. అది పిల్లనే చూస్తూ మాట్లాడింది. "నేను పుట్టినప్పుడు నువ్వు నన్నెత్తుకోలేదటగా. పాకే దాకా ముట్టుకోలేదట. అమ్మ ఎప్పుడూ అనేది, ఈ పిల్లకి మీ నాన్న ఒక ఎత్తుకోవడం బాకీ అని."

నిజమే. మా నాన్న మాట అది, తూకం తెలిసిన చెయ్యి పసిగుడ్డుకి తగలకూడదని, చెయ్యి దానంతట అది తూచేస్తుందని, తూచిన బిడ్డ తరుగుతుందని. మా ఆవిడ నవ్వింది, ఏడ్చింది, పొత్తిళ్ళలో పిల్లని నా ఒళ్ళో పడేసి పారిపోతానని బెదిరించింది, నేను చేతులు వెనక్కి కట్టుకుని దూరం నుంచే చూశాను. భయం. ఆ భయాన్నే భక్తి అనుకున్నానేమో, ఏమో. చెయ్యి తగలకుండా పెంచినది ఎంత పెరిగిందో, నా చెయ్యి ఇంకా తూచనే తూచనిది ఎలా తరిగిపోతోందో ఎదురుగానే కూర్చుని ఉన్నాయి రెండూ.

"దీన్నెత్తుకో" అంది నా కూతురు. "చెల్లయిపోతుంది."

"వద్దమ్మా. నా చేతులు..."

"ఎత్తుకో నాన్నా. మళ్ళీ అడగను."

నర్సు నా చేతులు కడిగించింది, తుడిచింది. వాటి మీద ఒక గుడ్డ పరిచి, గుడ్డ మీద పిల్లని పెట్టింది. చెయ్యి ఊరుకోలేదు, దాని పని అది చేసింది. గుడ్డ ఎంతో తీసేసి, గొట్టం ఎంతో తీసేసి, ఆ టోపీ ఎంతో కూడా తీసేసి, బిడ్డ ఎంతో నాకు తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. పిల్ల కళ్ళు తెరవలేదు. పెదవులు మాత్రం ఒకసారి కదిపింది, పాలకి కదిపినట్టు.

"బరువుందా?" అంది నా కూతురు.

"ఉందమ్మా" అన్నాను.

అది తల ఊపింది. పిల్లని తీసుకోవడానికి చేతులు చాచింది.

"సరే, చెల్లు" అంది.